దోసిటిదిన్నె పాటబండ

పూర్వం, పెన్నానది ఇప్పుడున్న చోటికి బాగా ఉత్తరంగా, నల్లగుట్టను ఒరుసుకుంటూ పారే రోజుల్లో, ఆ గుట్ట గుహలో స్వయంభువుగా వెలసిన నరసింహస్వామికి గోపురం గానీ ప్రాకారం గానీ ఉండేవి కావు. గుహ ముందు రాతికంబాల మండపం ఒకటి, మండపం మెట్లు దిగితే ఏటిదాకా పరుచుకున్న తెల్లని ఇసుక, ఇంతే ఆ క్షేత్రం. సింగరాచార్యులనే వృద్ధ అర్చకుడు ఏటి నీళ్ళు మోసి అభిషేకం చేసి, దొరికిన నాడు పొంగలి, దొరకని నాడు తులసిదళం నైవేద్యం పెట్టి స్వామిని కొలిచేవాడు. అయినా ఆ స్వామి కోరిన కోరిక తీరుస్తాడని, తనకు రావలసిన మొక్కును మాత్రం విడిచిపెట్టడని చుట్టుపట్ల సీమలన్నిటా ప్రతీతి.

ఆ గుట్టకు ఆమడ దూరంలో కోనప్ప నాయకుడనే పాలెగాడు ఒక మట్టికోటలో ఉండేవాడు. తండ్రి చిన్నతనంలోనే పోగా తల్లి నాగులమ్మ పెంచింది. ఆయన మొదటినుంచీ దుర్మార్గుడేనని ఈ కథ చెప్పేవాళ్ళు కొందరు అంటారు. అది సరికాదు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టాడు, ఆడమనిషి జోలికి పోలేదు, ఇచ్చిన మాట చాలాసార్లు నిలుపుకున్నాడు. కాకపోతే ఆయన మట్టికోట బురుజు ఎక్కితే ఎదురుగా గరుడదుర్గం కనిపించేది. కొండమీద రాతికోట. పొద్దున లేచి దాన్ని చూడడం, రాత్రి పడుకునే ముందు దాన్ని చూడడం ఆయనకు అలవాటైపోయింది. చూసి చూసి ఒక రోజు నల్లగుట్టకు వచ్చి, స్వామి ఎదుట నిలబడి, గరుడదుర్గం తన చేత చిక్కితే నిలువుదోపిడి ఇచ్చుకుంటానని నోరారా మొక్కుకున్నాడు.

నిలువుదోపిడి సంగతి తెలియనివారి కోసం చెప్పాలి. మొక్కుకున్న మనిషి స్వామి గడప దాటే క్షణానికి ఒంటిమీద ఏది ఉంటే అది, ఉంగరం మొదలుకొని ఉత్తరీయం దాకా, వలిచి హుండీలో వేయాలి. మానం కాపాడే గుడ్డ ఒక్కటే మినహాయింపు. ఇంట్లో ఎంత ఉందని స్వామి అడగడు. ఒంటిమీద ఉన్నదాన్ని దాచుకోవడానికి మనిషికి వీలు లేదు. మనిషిని నిలబెట్టి దోచుకోవడమే గనక దానికి ఆ పేరు వచ్చింది.

ఆ ఏడు వానలు వెనకబడి గరుడదుర్గంలో నీళ్ళు ఎండిపోయాయి. కోటలోని వాళ్ళు తామే తలుపులు తీశారు. యుద్ధమన్నది పెద్దగా లేకుండానే దుర్గం కోనప్ప నాయకుడిదైంది. దుర్గంతోపాటు ఆ దొరలు తరతరాలుగా ధరించిన నడికట్టు, ముత్యాల పేర్లు, రాళ్ళు పొదిగిన తురాయి ఆయన ఒంటిమీదికి వచ్చాయి. నాయకుడికి బంగారం మీద అంత ఆశ లేదు. కానీ ఆ నడికట్టు పెట్టుకున్న రోజునుంచి జనం ఆయనను చూసే చూపు మారింది. ఆ చూపు ఆయనకు రుచించింది. అవి తీసేస్తే ఆ చూపు ఉంటుందో పోతుందో తెలియక, మొక్కు తీర్చుకునే రోజు దగ్గరపడేకొద్దీ ఆయనకు అన్నం సహించకుండా పోయింది.

ఆయన దగ్గర లేఖలు రాసే రాయసం అచ్చన్న ఈ సంగతి కనిపెట్టాడు. అచ్చన్న తెలివైనవాడు.

"దొరా, ఒంటిమీద ఉన్నది ఇస్తానన్నారు గానీ, ఒంటిమీద ఇది పెట్టుకుని వస్తానని మొక్కలేదు గదా?"

"అంటే?"

"ఏట్లో తలస్నానం చేసి, గోచితో పోండి. ఉన్నది ఇచ్చినట్టే. మాట తప్పినట్టు కాదు."

"జనం నవ్వరా అచ్చన్నా?"

"నవ్వడమా? కాళ్ళమీద పడతారు, చూడండి."

అచ్చన్న చెప్పినట్టే జరిగింది. నరసింహ జయంతినాడు అంత పెద్ద దుర్గానికి దొర అయినవాడు పెన్నలో మునిగి, తడిసిన గోచితో, బోసి మెడతో, ఒట్టి చేతులతో ఇసుకలో నడిచి రావడం చూసి వేలమంది జనం గోవిందలు కొట్టారు. ఇంత సంపద వచ్చినా గర్వం లేనివాడని ముసలివాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నాయకుడు చేతులు జోడించి మెట్లెక్కి, గడప దాటి, హుండీ పక్కన నిలబడ్డాడు. సింగరాచార్యులు ఆయనను తలనుంచి కాళ్ళదాకా చూశాడు.

"నాయనా, నిలువుదోపిడి అన్నావు. ఒంటిమీద ఏమున్నాయి?"

"ఏమీ లేవు స్వామీ. నేనే ఉన్నాను. చూసుకోండి," అన్నాడు నాయకుడు.

సింగరాచార్యులు గర్భగుడివైపు తిరిగి, "ఉన్నది స్వామివారిది," అని, హారతి ఇచ్చి, శఠగోపం పెట్టి పంపించాడు. స్వామి ఉగ్రుడై గర్జించాడనీ, కంబం పగిలిందనీ కొందరు కల్పించి చెబుతారు. ఏమీ జరగలేదు. దీపం కూడా కదలలేదు. జరిగిందంతా బయట ఇసుకలో జరిగింది.

నాయకుడు ముందు, అచ్చన్న కొంచెం వెనుక, ఏటి ఒడ్డున ఉన్న గుర్రాలవైపు నడిచారు. బంట్లు గుర్రాల దగ్గరే ఉండిపోయారు. అచ్చన్న తల వంచుకుని నడుస్తూ నడుస్తూ ఒక్కసారి ఆగిపోయాడు. ఇసుకలో తన అడుగులు ఉన్నాయి. తన ముందు నడిచిన మనిషి అడుగులు లేవు. గాలికి పుట్టిన అలల గీతలు చెదరకుండా, ఆ దారిన ఎవరూ నడవనట్టు, ఇసుక చదునుగా ఉంది. అచ్చన్న దొరను పిలిచి వేలెత్తి చూపించాడు. నాయకుడు వెనక్కి తిరిగి చూశాడు. ముందు అర్థం కాలేదు. కుడికాలు ఎత్తి బలంగా మోపి తీశాడు. ఇసుక నలగలేదు. రెండు కాళ్ళతో ఎగిరి దూకాడు. మడమలు నొప్పి పుట్టాయి గానీ ఇసుకలో గుంట పడలేదు. అప్పుడే ముంచిన ఒళ్ళు మళ్ళీ చెమటతో తడిసింది. ఎవరో తన లోపలి దీపం తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసినట్టు అనిపించిందని ఆయనే తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

అయితే అచ్చన్న తెలివైనవాడని చెప్పాను గదా. అంతలోనే అతని ముఖం మారిపోయింది.

"దొరా, భయపడకండి. ఇది శాపం కాదు, వరం. మన సీమలో మనిషిని పట్టించేది ఏమిటి? జాడ. మీకు జాడ లేదు!"

ఆ మాటలో నిజం ఉంది. ఆ కాలంలో దొంగ వచ్చినా దండు వచ్చినా తలారులు ముందుగా వెతికేది అడుగునే. దొరికిన అడుగు చెరిగిపోకుండా దాని మీద కుండ బోర్లించి, దానితో పోల్చుకుంటూ ఊరినుంచి ఊరికి జాడ తీసుకుపోయి మనిషిని పట్టేవాళ్ళు. జాడ లేని దొరను ఎవరు పట్టగలరు? కోనప్ప నాయకుడు ఒంటరిగా పోయి శత్రువుల కోటల్లోని దారులు, దిడ్డివాకిళ్ళు చూసి వచ్చేవాడు. వచ్చినవాడు ఎవడో ఎటునుంచి వచ్చాడో వాళ్ళకు తెలిసేది కాదు. తరువాత దండు పోయేది. ఒక్కొక్క కోటే ఆయన వశమైంది. పల్లెల్లో పశువులను తోలించుకుపోవడం, కొట్టాలకు నిప్పు పెట్టించడం అంతకుముందు ఆయన ఎరగని పనులు. ఇప్పుడు అవీ జరిగాయి. చేసినదాని గుర్తు వెనక మిగలకపోతే చెయ్యడం ఇంత తేలికా అని ఆయనకే వింతగా ఉండేది. కొంతకాలానికి ఆ వింత కూడా పోయింది. రాయలసభలనుంచి బిరుదులు వచ్చాయి. ఆయన ఎదురైతే జనం దారి తొలగి నేలకు వంగేవారు. కోటలో నేలంతా బండపరుపు, బయట గుర్రం. అందువల్ల సంగతి ఎవరికీ తెలియలేదు. తెలిసిన అచ్చన్న చెప్పలేదు. తల్లికి నాయకుడు అసలే తెలియనివ్వలేదు.

ఇట్లా ఉండగా ఒక కనుమలో జరిగిన పోరులో నాయకుడు గుర్రంమీదనుంచి లోయలో పడ్డాడు. బంట్లు వెతికారు. ఎంత వెతికినా ఆయన ఎటు పోయిందీ చెప్పే అడుగు ఒక్కటీ కనిపించక, చనిపోయాడనే అనుకుని కోటకు కబురు తెచ్చారు. నాగులమ్మ నేలమీద పడి ఏడ్చింది. లోయలో స్పృహ వచ్చిన నాయకుడు కాలినడకన, పడుతూ లేస్తూ, ఒక మిట్టమధ్యాహ్నం గరుడదుర్గం వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. దుర్గమంతా ఒక్కసారి కేకలతో నిండిపోయింది. నగారాలు మోగాయి.

చనిపోయాడని కబురు వచ్చినవాడు తిరిగి వస్తే నేరుగా ఇంట్లోకి రానివ్వకూడదు. గడప ముందు జల్లెడ పట్టిన బూడిద పరిచి, దాని మీద నడిపించాలి. ప్రాణమున్న మనిషైతే అడుగు పడుతుంది, దయ్యమైతే పడదు. అది ఉత్త లాంఛనం. అడుగు పడగానే నవ్వులాటలతో హారతి ఇచ్చి లోపలికి తీసుకుపోతారు. నాగులమ్మ హారతి పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడింది. దాసీలు నవ్వుతూ బూడిద పరిచారు. అలసటలోనూ, తల్లిని చూసిన సంతోషంలోనూ నాయకుడు తన సంగతి మరిచిపోయాడు. నాలుగు అడుగులు వేసి తల్లి ముందుకు వచ్చి వంగాడు.

నవ్వులు ఆగిపోయాయి. తల్లి కొడుకును చూడలేదు, ఆయన వెనుకనున్న బూడిదను చూసింది. పరిచినది పరిచినట్టే ఉంది. పళ్ళెం ఆమె చేతిలోనుంచి జారి బండమీద పడి చాలాసేపు తిరిగింది.

"అమ్మా, నేనే. కోనప్పను."

"నువ్వే అయితే నువ్వేడ నాయనా?" అన్నది ఆమె.

"ఇదో, నీ ఎదురుగానే..."

"నా కొడుక్కు నడక నేర్పింది నేను. పడినప్పుడల్లా లేపింది నేను. వాడి మొహం ఉంది, వాడి గొంతుంది. వాడు లేడు. వాణ్ణి ఏం చేసినావు? ఎవరికిచ్చి వచ్చినావు?"

నాగులమ్మ గడప వెనక్కి తగ్గి తలుపు వేసుకుంది. మరునాడే పురోహితులను పిలిపించి కొడుకు కర్మలు మొదలుపెట్టించింది. ఎవరు చెప్పినా వినలేదు. తన కోట బురుజుమీద నిలబడి కోనప్ప నాయకుడు తనకు పెట్టిన పిండాన్ని తన కళ్ళతో చూశాడు. కాకులు వచ్చాయి, చుట్టూ తిరిగాయి, ముట్టకుండా పోయాయి. బతికినవాడు కాడని బూడిద చెప్పింది, చచ్చినవాడు కాడని కాకి చెప్పింది. ఇన్ని కోటల దొరకు ఈ రెంటిలో ఏ వైపూ చోటు లేకపోయింది. ఆయనకు అన్నం వడ్డించేవాళ్ళు కూడా విస్తరి దూరంగా పెట్టి పారిపోయేవారు. బంట్లు ముందు దండం పెట్టి, ఆయన దాటిపోగానే నేలకేసి చూసుకునేవారు.

నాయకుడు గుర్రమెక్కి నల్లగుట్టకు వచ్చి సింగరాచార్యుల ముందు నిలబడ్డాడు.

"నాది నాకియ్యండి. బదులు ఏం కావాలన్నా ఇస్తాను. బంగారు గోపురం కట్టిస్తాను."

"ఎవరు కట్టిస్తారు?" అని అడిగాడు సింగరాచార్యులు.

"నేను."

"ఆ నువ్వు హుండీలో ఉన్నావు నాయనా. నువ్వేగా వేసి పోయినావు."

"మోసం చేశాను స్వామీ. శిక్షించండి. వెనక్కి మాత్రం ఇప్పించండి."

"స్వామివారు ఎవరినీ మోసం చెయ్యలేదు, ఎవరినీ శిక్షించలేదు. ఒంటిమీద ఉన్నది అడిగారు. ఉన్నది నువ్వొక్కడివే. అదే తీసుకున్నారు. హుండీలో పడ్డది వెనక్కి ఇచ్చే అధికారం నాకు లేదు. జయంతినాడు మొక్కుబడి వస్తువులు వేలం వేస్తాం గదా, దాంట్లో పెడతాను. ఆచారం తెలుసు గదా? మొక్కినవాడు గానీ వాడి రక్తసంబంధులు గానీ మొదటి పాట పాడకూడదు. వేరే ఎవరైనా ఎత్తుకుంటే, తరువాత నువ్వు హెచ్చించుకోవచ్చు."

అది వినగానే నాయకుడికి ప్రాణం లేచి వచ్చింది. తనకున్న మనుషులు ఎందరు! ఒక్కడు నోరు తెరిస్తే చాలు. ఆపైన తన కోటలన్నీ పలికి తనను తాను విడిపించుకుంటాడు.

జయంతి వచ్చింది. నాయకుడి సామంతులు, సేనానులు, ఆయన సొమ్ము తిన్నవాళ్ళు, ఆయన దెబ్బ తిన్నవాళ్ళు అందరూ మండపం ముందు నిండిపోయారు. నాగులమ్మ కూడా వచ్చి ఒక కంబానికి ఆనుకుని కూర్చుంది. వేలం మండపం మెట్ల దగ్గరి నున్నని బండమీద జరుగుతుంది. బండకు తడిసున్నం పూస్తారు. పాట పాడినవాళ్ళు ఆ సున్నంలో కుడికాలు మోపాలి. అడుగు పడితేనే పాట చెల్లినట్టు. చదువు రానివాళ్ళ సీమలో అదే సంతకం. కొబ్బరికాయలు, కోడెదూడలు, వెండి కళ్ళు, పట్టుబట్టలు అన్నీ పాటకు పోయాయి. సింగరాచార్యులు చివరగా ఒక ఖాళీ పళ్ళెం తెచ్చి బండ పక్కన పెట్టాడు.

"కోనప్ప నాయకుడనే మనిషి. ఎవరు పాడతారు?"

నాయకుడు నవ్వుముఖంతో అచ్చన్నవైపు చూశాడు. అచ్చన్న అప్పటికే కోటల తాళాలు తన దగ్గరే పెట్టుకుని వ్యవహారం నడుపుతున్నాడు. దొర మళ్ళీ దొర అయితే తనకు ఏం ఒరుగుతుందో ఆలోచించుకున్నాడు. ఉత్తరీయం సర్దుకుని గుట్టమీదికి చూడసాగాడు. నాయకుడు సేనానులవైపు చూశాడు. వాళ్ళు గుర్రాలవైపు చూశారు. ఆయన పెట్టిన అన్నం తిన్నవాళ్ళు ఒకరి వెనుక ఒకరు తప్పుకున్నారు.

"ఎవరు పాడతారు?" అని సింగరాచార్యులు మళ్ళీ అడిగాడు.

వెనకనుంచి ఎవడో, "దాన్ని తీసకపోయి ఏం చేసుకోవాల సామీ? తినేదా, కట్టుకునేదా?" అన్నాడు. కొందరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగేసరికి కోనప్ప నాయకుడు పక్కనున్న కంబం పట్టుకున్నాడు. ఇన్ని కోటలు గెలిచిన మనిషిని, ఇంత జనంలో, ఊరికే ఇస్తామన్నా కావాలనేవాడు లేడు.

అప్పుడు ఆడవాళ్ళ గుంపులోనుంచి ఒక మనిషి లేచింది. కొర్రచేలమీద బతికే ఈరమ్మ అనే విధవ. కొంగులో ఏదో మూట ఉంది.

"సామీ, మనిషంటే పని జేసే మనిషేనా?"

"చెయ్యించుకుంటే చేస్తాడు తల్లీ."

"ఈ దొర మనుషులే నా ఎద్దును తోలకపోయినారు. ఒంటెద్దు మిగిలింది. ఒంటెద్దుతో మడక సాగదు. కాడికి రెండో పక్క కట్టుకుంటా. దోసెడు కొర్రలు."

"యామ్మో ఈరక్కా, దొరను మడకకు కడతావా!" అని పక్కనున్న ఆమె చెయ్యి పట్టి లాగింది.

"నా ఎద్దు వాళ్ళకు దొర కాకపోయినా నాకు దొరే గదంటే? వదులు." ఈరమ్మ కొంగు ముడి విప్పి దోసిటితో కొర్రలు పళ్ళెంలో పోసి, బండమీద కాలు మోపింది. తడిసున్నంలో ఆమె అడుగు ఐదు వేళ్ళతోనూ పడింది.

నాయకుడికి అవమానంతో ముఖం నల్లబడినా లోపల ధైర్యం వచ్చింది. మొదటి పాట అయింది. ఇక తనవంతు.

"గరుడదుర్గం!" అని కేక వేసి సున్నంలో కాలు మోపి తీశాడు.

అడుగు పడలేదు.

"గరుడదుర్గం, దాని కింది కోటలన్నీ!" మళ్ళీ మోపాడు. సున్నం పూసినది పూసినట్టే మెరుస్తోంది. ఈరమ్మ అడుగు పక్కన తన కాలు ఎన్నిసార్లు వేసినా, ఎంత గట్టిగా అదిమినా, గీత కూడా పడలేదు. ఆయన పళ్ళు కొరుకుతూ, ఏడుస్తూ, తన బిరుదులు, ఊళ్ళు, గుర్రాలు ఒక్కొక్కటే పేరు పెట్టి అరుస్తూ బండమీద తొక్కుతూనే ఉన్నాడు. అన్నీ ఉన్నాయి, ఇచ్చేవాడే లేడు.

"పాట చెల్లలేదు," అన్నాడు సింగరాచార్యులు. "దోసెడు కొర్రలకు ఈరమ్మకు పోయింది. నాయనా, అమ్ముడైంది హుండీలో ఉన్నది మాత్రమే. ఒళ్ళు నీదే. కోటకు పోతే దొరతనం నీకే ఉంటుంది, ఎవరూ అడ్డం రారు. అది మాత్రం ఈమె వెంట పోతుంది."

అచ్చన్న గుర్రం తెచ్చి నిలబెట్టాడు. నాయకుడు గుర్రాన్ని చూశాడు, ఈరమ్మను చూశాడు. ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కుని దారి పట్టింది, వెనక్కి కూడా చూడలేదు. కంబం దగ్గర తల్లి తనవైపే చూస్తోంది. కోనప్ప నాయకుడు తలపాగా తీసి గుర్రం మెడమీద పెట్టి ఈరమ్మ వెనుక నడిచాడు. వెయ్యిమంది జనం కళ్ళు ఆయన వెనకున్న ఇసుకమీదే ఉన్నాయి. అడుగు పడలేదు. అయినా ఆయన ఆగలేదు.

తొలకరి పడింది. ఈరమ్మ కాడికి ఒకవైపు ఎద్దును, ఒకవైపు నాయకుణ్ణి కట్టి మడక పట్టింది. ఆమెకు దయ కలిగి పని తగ్గించిందని చెప్పేవాళ్ళున్నారు. తగ్గించలేదు. తాను వెనకబడితే ఎద్దు మెడ ఒరుసుకుపోతుందని చూసి, నాయకుడు దానితో సమానంగా లాగడం నేర్చుకున్నాడు. తన కోసం కాకుండా ఆయన మోసిన మొదటి బరువు అది. భుజం పుండై రక్తం కారింది. ఒక పొద్దున ఎద్దు అలిసి మోకరించబోతే ఆయన కాడిని మొత్తం తన మీదికి తీసుకుని, దంతాలు బిగించి, సాలు చివరిదాకా లాగాడు. వెనకనుంచి ఈరమ్మ కేక వేసింది.

"ఏయ్, ఆగు ఆగు! కండ్లు యాడబెట్టుకోని నడుస్తాండావు? సాలంతా తొక్కి పెడితివి!"

నాయకుడు కాడి కిందనే వెనక్కి తిరిగాడు. కొత్తగా తెగిన సాలులో, తడిమట్టిలో, మడమ లోతుగా దిగి, వేళ్ళు విడివిడిగా అచ్చుపడి, వరసగా అడుగులు ఉన్నాయి.

"అడుగమ్మా..." అన్నాడు ఆయన.

"అడుగే. అదే చెప్తాండా. గింజ యాడ పడాల?"

ఆయన అక్కడే కూలబడి అడుగుమీద చెయ్యి పెట్టి భోరున ఏడ్చాడు. ముల్లు గుచ్చుకుందేమోనని ఈరమ్మ వంగి చూసింది. సంగతి అర్థమయ్యేసరికి ఆమె కూడా మడక వదిలి గట్టుమీద కూర్చుండిపోయింది. ఆ కబురు విని నాగులమ్మ అన్నం మూట నెత్తిన పెట్టుకుని గరుడదుర్గంనుంచి కాలినడకన వచ్చింది. సాలు పక్కన కూర్చుని అడుగు తరువాత అడుగు తడుముకుంటూ చివరిదాకా పోయి, కొడుకు ముందు విస్తరి పరిచింది. "తిను కోనా," అన్నది.

దుర్గం తలుపులు అచ్చన్న మూసుకున్నాడు. ఆ తరువాత అది ఎవరెవరి చేతులు మారిందో చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు అక్కడ తంగేడు చెట్లు మొలిచిన రాళ్ళగుట్ట ఉంది. ఈరమ్మ పంట వచ్చాక ఇంకో ఎద్దును కొనుక్కుని, "ఇంక నీతో పని లేదు, పో," అన్నది. నువ్వు కొన్నదానివి గదా అంటే, "కొన్నదాన్ని గాబట్టే చెప్తాండా," అన్నది. ఆయన ఎక్కడికీ పోలేదు. ఆ చేను గట్టునే గుడిసె వేసుకుని, తాను కొట్టాలు కాల్పించిన పల్లెలకు పోయి, తిట్టినవాళ్ళ తిట్లు తింటూ కొట్టాలు కట్టి ఇచ్చాడు. ఆ దిన్నెమీద మెల్లగా ఊరు ఏర్పడింది. దోసెడు కొర్రలకు వచ్చిన మనిషి నివసించిన దిన్నె గనక దోసిటిదిన్నె అన్నారు. మరుసటి జయంతికి ఆయనా ఈరమ్మా కొత్త కొర్రలు తెచ్చి స్వామికి సమర్పించి, ఇద్దరూ ఆ బండమీద నిలబడి మొక్కారు. ఆ నాడు బండకు సున్నం పూయలేదు. అయినా వాళ్ళు దిగేసరికి రాతిలోనే రెండు పాదాలు దిగి ఉన్నాయి: ఒకటి చిన్నది, దాని పక్కన ఒకటి పెద్దది. పాటబండమీద అవి నేటికీ ఉన్నాయి. పెద్ద పాదం స్వామివారిదని వచ్చిపోయేవాళ్ళు కళ్ళకద్దుకుంటారు. ఊరివాళ్ళు అది ఎవరిదో చెప్పిన తరువాత కూడా కళ్ళకద్దుకుంటారు.

ఇప్పటికీ ఏటా వైశాఖంలో నరసింహ జయంతినాడు ఈ గుడిలో మొక్కుబడి వేలం జరుగుతుంది. స్వామివారి మాలకు, లడ్డుకు, శేషవస్త్రానికి పోటీలుపడి పాడేవాళ్ళు దూరదూరాలనుంచి కార్లలో వస్తారు. వేలం మొదలయ్యే ముందు అర్చకుడు ఒక ఖాళీ పళ్ళెం తెచ్చి బండ పక్కన పెట్టి, "ఒక మనిషి. ఎవరు పాడతారు?" అని అడుగుతాడు. ఆ మనిషి పేరు చెప్పడు. ఎవరూ ఎవరినీ ముందుగా పురమాయించి ఉంచకూడదు. జనంలోనుంచి ఎవరో ఒకరు తమంత తాముగా లేచి దోసెడు కొర్రలు పోస్తేనే మిగతా పాట సాగుతుంది. ఒక్కొక్క ఏడు వెంటనే లేస్తారు. ఒక్కొక్క ఏడు ఎంతసేపటికీ ఎవరూ లేవరు. మైకు ఆపేస్తారు, పిల్లలు కూడా ఊరుకుంటారు, అర్చకుడు రెండోసారి అడగడు. అంత పెద్ద పాటలు పాడడానికి వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక తలలు వంచుకుని, తాము నడిచి వచ్చిన ఇసుకకేసి చూసుకుంటారు.